కొండ అన్నదా, కూర అన్నదా

ఆ ఏడు శాంతా మరియాలో స్ట్రాబెరీ కోతలు మొదలయ్యేసరికి మా ఆవిడకి ఫోను పట్టుకుంది. పట్టుకోవడమంటే అలా ఇలా కాదు. పొయ్యి దగ్గర ఫోను, బట్టలుతికే చోట ఫోను, చేలో వంగి పళ్ళు కోస్తుంటే చొక్కా లోపల ఫోను. ఇంట్లో ఉండేది నేనూ, ఒడీలియా, మా అమ్మాయి యారెట్సీ. నాలుగో మనిషొకరు వచ్చి కూర్చున్నట్టే ఉండేది నాకు.

ఇదంతా మా అమ్మాయి చేసిన పనే. హైస్కూల్లో ఉంది కదా, వాళ్ళమ్మ ఫోనులో ఆ పచ్చ బొమ్మ యాప్ పెట్టి, "అమ్మా, నువ్వు చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. ఈ మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి మాట్లాడు. వేలు తీస్తే కబురు వెళ్ళిపోతుంది" అంది.

ఒడీలియా బడి మొహం చూడలేదు. స్పానిష్ కూడా కొట్టు దగ్గర బేరమాడేంతే వచ్చు. ఆస్పత్రికెళ్ళినా, పిల్ల బడికెళ్ళినా నా వెనకాలే నిలబడేది. అలాంటి మనిషికి మా మిష్టెకో భాషలో, తన నోటితోనే, ఎవరికి కావాలంటే వాళ్ళకి కబురు పంపే దారి దొరికింది. సరిహద్దుకి అవతల, మా సొంత గడ్డ ఓహాకాలో ఉన్న వాళ్ళక్కకి మొదటి కబురు పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. అక్క మాట్లాడింది కొంచెం, ఏడ్చింది కొంచెం, మిగతాదంతా వెనకాల కోడి కూత. ఒడీలియా ఆ కూతని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింది.

"కోడి కూత వినడానికి కూడా ఫోను కావాలా? పక్కింటోళ్ళకి లేదా కోడి?" అన్నాను.

"పక్కింటి కోడి శాంతా మరియా కోడి. ఇది మా కోడి. నీకేం తెలుస్తుందిలే" అంది.

తర్వాత కోత ముఠా అంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. రేపు పని ఏ చేలో, ఎవరి కారులో చోటుంది, ఎవరి పిల్లకి జ్వరం, అన్నీ అందులోనే. మా ఆవిడ గొంతు బాగుంటుంది. మాట తిన్నగా ఉంటుంది. నాలుగు వారాలు తిరక్కుండానే, "ఒడీలియా అక్క ఏమంది?" అని అడగందే ఆడవాళ్ళు కాలు బయటపెట్టడం మానేశారు. చేలకి నీటి గొట్టాలు వేసే పని నాది, ముఠాతో కలవను. అయినా ఎదురొచ్చిన ప్రతివాడూ "మీ ఆవిడ చెప్పింది విన్నావా?" అనేవాడు. ఇంట్లో వింటున్నది చాలదా నాకు!

"ఇలా ఊరంతటికీ వినపడేలా మాట్లాడితే ఎవడైనా వింటాడేమోనే" అన్నానొకసారి.

"ఎవరూ వినలేరు నాన్నా" అంది యారెట్సీ. "ఇక్కడ తాళం వేసి పంపుతారు, అక్కడ తీసుకున్నవాళ్ళ దగ్గరే తాళంచెవి ఉంటుంది. మధ్యలో ఎవరూ తెరవలేరు."

చదువుకున్న పిల్ల చెప్తోంది కదా అని ఊరుకున్నాను.

మే నెలలో ఆ ముఠాలోని నికోలాసా పడిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల, ఐదో నెల. పక్క చేలో పొద్దున్నే మందు కొట్టారు. గాలి ఇటు తిరిగింది. ముఠా అంతా కళ్ళు మంటలని, గొంతు పట్టేసిందని మొత్తుకుంటుంటే ఆ పిల్ల వరుస మధ్యలో వాంతి చేసుకుని అలాగే కూలబడింది. మేస్త్రీ రమీరో వచ్చి, "ఎండకి కళ్ళు తిరిగాయి, నీళ్ళు పట్టండి, చాలు" అన్నాడు. పొద్దున్న మంచు ఇంకా విడలేదు. ఎండెక్కడిది వాడి మొహం!

క్లినిక్కులో కడుపులో బిడ్డకి ఏం కాలేదన్నారు. కానీ మళ్ళీ అలాంటి గాలి పీల్చనివ్వొద్దన్నారు. మేస్త్రీని అడిగితే, "మందు కొట్టేది మీ ఇష్టమా, నా ఇష్టమా? నచ్చకపోతే మానెయ్యండి, మీ చోటికి పది మంది వస్తారు" అన్నాడట. అదే వారం మళ్ళీ కొట్టారు. ఈసారి నికోలాసా మొహానికి తడిగుడ్డ చుట్టుకుని కోసింది.

ఆ సాయంత్రం మా వంటింట్లో ఆడవాళ్ళు కూడారు. చేను పక్కన చిన్న కొండ ఉంది. ఒక రోజు పొద్దున్న ఎవరూ వరుసల్లోకి దిగకుండా ఆ కొండ దగ్గర నిలబడాలి. మేముండగా మందు కొట్టొద్దు, కొట్టే ముందు రోజు చెప్పాలి. అంతవరకూ పండు కోయం. ఏ రోజన్నది ఒడీలియా కబురు పెడుతుంది. ఇదీ నిర్ణయం.

నాకు భయమేసింది. దాచుకోవడం దేనికి? మా ఇద్దరి పనీ ఆ ఒక్క కంపెనీలోనే. ఈ దేశంలో ఉండడానికి మా దగ్గర కాగితాలూ సరిగ్గా లేవు. ముందు నిలబడ్డ మనిషి పేరు బయటపడితే ఆ ఒక్క మనిషిని పీకేస్తారు, మిగతావాళ్ళు తలొంచుకుని వరుసల్లోకి దిగుతారు. ఇంతకుముందు వేరే చేలల్లో అలాగే జరిగింది. ఒడీలియాతో అన్నాను కూడా.

"నా పేరెవరు చెప్తారు? గ్రూపులో ఉన్నదంతా మనవాళ్ళేగా" అంది.

ఇక నా పై ప్రాణాలు పైనే పోయిన రోజు సంగతి చెప్తాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. మేస్త్రీ ట్రక్కు పక్కన గొట్టం చిట్లితే మోకాళ్ళ లోతు బురదలో కూర్చుని బిగిస్తున్నాను. రమీరో ట్రక్కుకి ఆనుకుని ఫోను చూస్తున్నాడు. వాడిది హలీస్కో, మా ఓహాకాకి దూరపు రాష్ట్రం. మా భాష ఒక్క ముక్క రాదు. మమ్మల్ని 'ఓహాకీటాలు' అని పిలుస్తాడు, కుక్కపిల్లల్ని పిలిచినట్టు. మావాళ్ళతో మాట్లాడాల్సి వస్తే ట్రాక్టరు నడిపే సిరీలో అనే మనిషిని పిలుస్తాడు. సిరీలోదీ మిష్టెకోనే, కానీ మా ఊరి నదికి అవతలి ఊరు. వాళ్ళ యాస వేరు. ఎవరితోనూ కలవడు, ఒంటరిగా కూర్చుని తింటాడు. మావాళ్ళు వాణ్ణి 'మేస్త్రీ చెవి' అంటారు.

"సిరీలో, ఇటు రా. ఇది విని ఏమంటోందో చెప్పు" అన్నాడు రమీరో.

ఫోనులోంచి మా ఆవిడ గొంతు వచ్చింది.

"అక్కల్లారా, అన్నల్లారా, రేపు పొద్దున్నే అందరం యుకుకి పోదాం. బండ్లు తేవద్దు, ఒట్టి చేతులతో రండి. తాగడానికి నీళ్ళు తెచ్చుకోండి. ఒక్కరు కూడా వెనకబడొద్దు."

నా చేతిలో పానా జారి బురదలో పడింది. తీసుకోవడానికి వంగినవాణ్ణి అలాగే వంగి ఉండిపోయాను.

సిరీలో తల పక్కకి వంచి విన్నాడు. "ఇంకోసారి పెట్టండి" అన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత మెల్లిగా, "ఆకుకూరకి పోదామంటోందండీ" అన్నాడు.

"ఏంటీ?"

"గంగవాయిలు కూరండీ. గట్ల మీద తెగ మొలిచింది కదా. రేపు పొద్దున్నే కోసుకుందాం రండి అని పిలుస్తోంది."

"మరి బండ్లేంటి? 'కారీతో' అని మా స్పానిష్ మాట నాకు వినపడింది."

"పళ్ళ బండ్లు తేవద్దంటోంది. ఆకుకూరకి బండెందుకండీ, ఒళ్ళో వేసుకుపోతారు."

"ఎవరిదా గొంతు?"

సిరీలో మళ్ళీ ఆలోచించాడు. "తెలీదండీ. ఎవరో ముసలిదానిలా ఉంది."

రమీరో చూపు నా మీద పడింది. "ఏయ్ ఎలీసెయో! నువ్వూ ఆ జాతేగా. ఇటు రా."

బురదలోంచి లేచి వెళ్ళాను. మూడోసారి పెట్టాడు. నా పెళ్ళాం గొంతు నా చెవి దగ్గర, మేస్త్రీ చేతిలో. ఇరవై ఏళ్ళుగా వింటున్న గొంతు. ఆ క్షణంలో అది ఎంత బాగుందో, అంత భయమేసింది.

"చెప్పు. ఏమంది?"

"ఆకుకూరేనండీ" అన్నాను.

"నిజం?"

"మావాళ్ళకి కూరాకు పిచ్చండీ."

వాడు పకపకా నవ్వాడు. "గడ్డి తినే జాతి" అని ఉమ్మేసి ట్రక్కెక్కి పోయాడు. తిట్టు తిని అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే. సిరీలో నావైపు చూడనైనా చూడకుండా ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

సంగతేమిటంటే, మా భాషలో యుకు అంటే కొండ. యుకు అంటే ఆకుకూర కూడా. గొంతు దించితే ఒకటి, ఎత్తితే ఇంకొకటి. రాస్తే తేడా ఏమీ ఉండదు, తేడా అంతా గొంతులోనే. మా ఊళ్ళో ఎత్తే చోట అవతలి ఊరివాళ్ళు దించుతారు. అందుకే మా ఊరి పెళ్ళిళ్ళకి వాళ్ళొస్తే సగం మాటలు నవ్వులకే సరిపోతాయి. సిరీలో నిజంగానే కూర అని విన్నాడా? విన్నా వినొచ్చు. అలా తేల్చుకుని ఇంటికొచ్చాను.

ఒడీలియాకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ మొదట అడిగింది ఏంటో తెలుసా?

"ముసలిదా? నేనా?"

"అబ్బ, అది కాదే ముఖ్యం!"

"నాకు ముఖ్యమే" అంది. అని కుర్చీలో కూలబడింది. "ఏమయ్యా, అది వాడి ఫోనులోకి ఎలా వెళ్ళింది?"

"తాళం వేసి పంపుతారన్నావుగా!" అని పిల్ల మీద పడ్డాను.

"తాళం బాగానే ఉంది నాన్నా. తలుపు లోపలికే ఎవరో వచ్చి కూర్చున్నారు" అంది యారెట్సీ. ఫోను తీసుకుని గ్రూపులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చూడ్డం మొదలుపెట్టింది. "వీళ్ళంతా ఎవరమ్మా? సగం మందికి పేర్లే లేవు, ఒట్టి బొమ్మలే. పువ్వులు, పిల్లలు, గుర్రాలు... ఈ హుకీలా అమ్మవారెవరు?"

"మా నతాలియా అత్త."

"ఈ హుకీలా అమ్మవారు?"

"హిల్బెర్టో. వాడికి మొక్కుంది."

"మరి ఈ హుకీలా అమ్మవారు?"

ఒడీలియా దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈవిడ... ఏమో. ఎవరో మనవాళ్ళే అయ్యుంటారు. చేరతానంటే చేర్చుకున్నాను. హుకీలా అమ్మవారి బొమ్మ పెట్టుకున్న మనిషిని ఎవరు నువ్వని అడుగుతామా?"

నాకూ అనిపించింది, నిజమే, అడగం. మా కొండల్లో పుట్టినవాళ్ళు తప్ప ఆ అమ్మవారిని గుండెకి కట్టుకు తిరిగేవాళ్ళెవరు? యారెట్సీ మాత్రం ఆ బొమ్మ కింద నంబరు చూస్తోంది. చూసి చూసి పకాలున నవ్వింది. నవ్వుతూనే చేత్తో నోరు మూసుకుంది.

"నాన్నా, ఈ నంబరు రొట్టెల కొట్టు గోడ మీద ఉంది. 'కోతకి మనుషులు కావాలి, రమీరో' అని."

ఇన్నాళ్ళుగా మా ఆవిడ చెప్పిన ప్రతి మాటా వాడి జేబులో ఉంది. వాడికి మా భాష రాక బతికిపోయాం. అంతకు మించి ఏమీ లేదు. ఎవడైనా ఒక్కడు స్పానిష్‌లో 'రేపు కొండ దగ్గర' అని రాశాడా, అయిపోయాం.

"ఆపేద్దాం ఒడీలియా. ఈసారికి వద్దు" అన్నాను.

ఆవిడ ఫోను బల్ల మీద బోర్లించి పెట్టింది. "నేడో రేపో మళ్ళీ మందు కొడతారు. నికోలాసా పోయి ఆ వరుసలోనే వంగుతుంది. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా నీ వెనక నిలబడ్డానా? రేపొక్క పూట నువ్వు నా వెనక నిలబడు."

చెప్పులేసుకున్నాను.

ఆ సాయంత్రం వంటలు ముట్టించే వేళకి ఆవిడ ఒక వీధి, నేనొక వీధి. తలుపు తలుపుకీ వెళ్ళి చెవిలో చెప్పొచ్చాం. మూడో అమ్మవారి సంగతి విని నతాలియా అత్త శిలువ గుర్తు వేసుకుని, ఆ తర్వాత మేస్త్రీ వంశాన్నంతా పేరుపేరునా తిట్టింది. ఫోనులో మాత్రం ఆకుకూర తప్ప ఇంకో మాట రాకూడదనుకున్నాం. ఇక చూడండి, గ్రూపు నిండా వంటలే. ఒకామె వెల్లుల్లి వేయించి వేస్తానంది. ఇంకొకామె బీన్స్‌తో ఉడికిస్తే ఆ రుచే వేరంది. హిల్బెర్టో, పంది మాంసం లేని గంగవాయిలు కూర కూరే కాదన్నాడు. దాని మీద నిజంగానే పెద్ద గొడవైంది. స్పానిష్‌లో కొందరు, మా మాటలో కొందరు. రమీరో ఇంట్లో కూర్చుని అదంతా విన్నాడో, విసుగొచ్చి మూసేశాడో.

పొద్దున్న మంచు దట్టంగా ఉంది. కొండ దగ్గరికి ముందు మేమే వెళ్ళాం. ఎవరూ లేరు. కాసేపటికి మంచులోంచి ఒక టోపీ, ఒక తలగుడ్డ. తర్వాత నలుగురు. తర్వాత కారు తలుపులు వరసగా పడుతున్న చప్పుడు. నికోలాసా కూడా వచ్చింది, వాళ్ళాయన చెయ్యి పట్టుకుని. మంచు కాస్త విడేసరికి వరుసలన్నీ ఖాళీ, కొండ పక్కనంతా మనుషులు. బండ్లు లేవు. అందరివీ ఒట్టి చేతులు.

రమీరో పరుగున వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఆకుకూరకన్నారు కదా! ఏదీ ఆకుకూర?" అని అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు. ఆ సంగతి తనకెలా తెలుసో అందరి ముందూ తనే చెప్పేసుకున్నాడు మరి.

ముఠా అంతా గొల్లుమని నవ్వింది.

"ఇంకా మొలవలేదు మేస్త్రీ గారూ" అంది ఒడీలియా, తన కొట్టు స్పానిష్‌లో.

పండిన పండు ఆగదు. ఆఫీసు నుంచి ఒకామె కారులో వచ్చింది. ఎవరు మాట్లాడతారని అడిగింది. ఒడీలియా నా వెనకనుంచి ముందుకు నడిచింది. నేను ఆవిడ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. నా వెనక ముఠా అంతా వచ్చి నిలబడింది. మా ఆవిడ నేర్చుకొచ్చిన నాలుగు మాటలూ చెప్పింది. "మేముంటే మందు వద్దు. కొడితే ముందు రోజు చెప్పాలి. ఈ పిల్ల కడుపులో బిడ్డ ఉంది." వ్యాకరణం ఎక్కడా లేదు. ఆఫీసామె నికోలాసా వైపు చూసింది. పక్కకెళ్ళి ఫోనులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి, సరే అంది. ఎవరినీ పనిలోంచి తీసెయ్యబోమని కూడా అంది. అది మేం అడగకుండానే.

హమ్మయ్య! ఆ పూట నాకు పట్టిన చెమటకి ఒక వరుస స్ట్రాబెరీలు తడిసేవి. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడి నిద్రపోయాను. లేచేసరికి యారెట్సీ నవ్వుతోంది.

"నాన్నా, ఇది చూడు. అమ్మవారు గ్రూపు వదిలి వెళ్ళిపోయారట."

అక్కడినుంచి మందు కొట్టే ముందు రోజే మాకు చెప్పడం మొదలైంది. మమ్మల్ని దూరం చేలకి పంపేవాళ్ళు. రమీరోని కోతలు ముగిసేలోపే వేరే చోటికి మార్చారు. నికోలాసాకి సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. దాని మొదటి ఏడుపు కూడా ఫోనులోనే వచ్చింది. కోడి కూత లాగే దాన్నీ మళ్ళీ మళ్ళీ విన్నారు మా ఇంట్లో. ఈసారి నేనేం అనలేదు.

కానీ ఒడీలియా పాత గ్రూపుని ఉంచలేదు. కొత్తది పెట్టింది. దానికొక తలుపు పెట్టింది. బొమ్మ ఏదైనా పెట్టుకో, ఏ అమ్మవారినైనా పెట్టుకో, చేరాలంటే ముందు తన నోటితో రెండు మాటలు పలికి పంపాలి. ఒకటి యుకు, ఇంకొకటి యుకు. కొండ కొండలా వినపడాలి, కూర కూరలా వినపడాలి. నన్ను కూడా వదల్లేదు. నేనూ ఆ యాప్ పెట్టించుకున్నానులెండి. కట్టుకున్నవాణ్ణి, వంటింట్లో ఎదురుగా కూర్చున్నవాణ్ణి, ఫోనులో కొండా, కూరా అని పలికించుకుని గానీ చేర్చుకోలేదు.

ఒక ఆదివారం కొత్త కబురొకటి వచ్చింది. పేరు లేదు, బొమ్మ లేదు. ఒడీలియా వేలు పెట్టింది.

సిరీలో గొంతు. ముందు కొండ. కాస్త ఆగి, కూర. అవతలి ఊరి యాస ఎక్కడా లేదు. ఎత్తాల్సిన చోట ఎత్తి, దించాల్సిన చోట దించి, అచ్చం మా ఊళ్ళో పుట్టినవాడిలా పలికాడు. చివర, "నన్ను పెంచింది మా నాయనమ్మ, ఆవిడది మీ ఊరే తల్లీ. చేర్చుకుంటావా?" అన్నాడు.

ఒడీలియా మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. నా మొహం చూసింది. 'మేస్త్రీ చెవి' అని మేం ఎంతమందిమి ఎన్నిసార్లు అన్నామో ఆ మనిషిని!

"అయితే ఆ రోజు కొండనే విన్నాడన్నమాట" అన్నాను.

"అవును" అంది. కళ్ళు తుడుచుకుంది. ఫోనుకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"ఆగు. కొండ అని అంత బాగా విన్నవాడు, గొంతు నాదని గుర్తుపట్టలేదంటావా?"

"పట్టే ఉంటాడు."

"పట్టి ముసలిదన్నాడా?"

మైకు బొమ్మ మీద వేలు నొక్కింది. "సిరీలో అన్నా, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. గంగవాయిలు కూర చేస్తాను, పంది మాంసం వేసే చేస్తాను. ఈ ముసలిది ఎలా వండుతుందో నువ్వు తినాలి, తిని నా ఎదురుగా చెప్పాలి" అంది.

వేలు తీసింది.